మనవరాలి పేరు గువ్వ

జనవరి 17, శుక్రవారం

వెయిటింగ్ రూమ్ సోఫా సందులో ఒక పుస్తకం దొరికింది. ఏ పేషెంట్ పిల్లలో మర్చిపోయి ఉంటారు. అట్ట మీద రెక్కలున్న గుర్రం. పేరు గాలిగుర్రాలు, మొదటి భాగం. పన్నెండేళ్ళు పైబడిన వాళ్ళకి అని వెనక రాసి ఉంది. నాకు అరవై ఒకటి. పైబడినట్టే కదా.

జనవరి 18, శనివారం

ఒక రూట్ కెనాల్‌కీ ఇంకో రూట్ కెనాల్‌కీ మధ్య ఐదు చాప్టర్లు లాగించాను. పేషెంట్ ఎదురు చూస్తున్నారని మా అసిస్టెంట్ వచ్చి మళ్ళీ మళ్ళీ చెప్పింది. పరికరాలు ఇంకా స్టెరిలైజర్‌లోనే ఉన్నాయి కదా అన్నాను. అవి ఎప్పుడో బయటికొచ్చి చల్లారిపోయాయట. ఈ అమ్మాయికి ఇంత నిజాయితీ ఎవరు నేర్పారో. నేనే.

జనవరి 20, సోమవారం

అయిపోయింది. ఏడ్చాను.

గాలిగుర్రాల మందని కాసే పదమూడేళ్ళ పిల్ల ఉంటుంది. తుఫానులోంచి మందని తప్పించాలి కాబట్టి, రెక్క చిరిగిన ముసలి గుర్రాన్ని కొండ అంచున వదిలేసి వెళ్ళిపోతుంది. వెనక్కి తిరిగి కూడా చూడదు. అక్కడ పుస్తకం ఆపేశారు! ఇదేం అన్యాయం? ఆ రచయిత్రి ఎవరో గానీ, నా కుర్చీలోకి వస్తే మత్తు ఇవ్వకుండా పని మొదలుపెడతాను.

మా ఆయన ఏమైంది అని అడిగాడు. కంట్లో నలక పడిందన్నాను. రెండు కళ్ళలోనా అన్నాడు. బ్యాంకులో ముప్పై ఏళ్ళు చెక్కుల మీద సంతకాలు సరిచూసిన మనిషి. ఏదీ వదలడు.

సాయంత్రం పుస్తకం తాలూకు కుర్రాడు వాళ్ళమ్మతో వచ్చి పట్టుకుపోయాడు. ఇంకో రెండు రోజులు ఉంచుతావా బాబూ అని అడుగుదామంటే నోరు రాలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

క్లినిక్‌కి ఎదురుగా పుస్తకాల షాపు. పదేళ్ళుగా ఎదురుగానే ఉంది. నేను అందులోకి వెళ్ళింది కేలండర్లకీ పెన్నులకీ. షాపాయన మాత్రం నా దగ్గరికి రెగ్యులర్‌గా వస్తాడు, కింది దవడ మొత్తం నేను కట్టిందే.

వాళ్ళ అద్దానికి పోస్టర్ అంటించారు. గాలిగుర్రాలు రెండో భాగం, లాంచ్, రచయిత్రి స్వయంగా వస్తున్నారు అని. ఊరికే చూసొద్దామని వెళ్ళాను. ఊరికే అయితే పట్టుచీర ఎందుకు అని మా ఆయన ప్రశ్న. కట్టుకోవాలనిపించింది, కట్టుకున్నాను.

మేడ మీద హాలు. మడత కుర్చీలు, ఒక మైకు, నీలం బెలూన్లు. పిల్లలు! ఎంతమంది పిల్లలు! కొందరు రెక్కలు తగిలించుకొచ్చారు. అట్టముక్కలు, వైరు, పాత కర్టెన్లు. ఒకడి రెక్కలు వెడల్పై మెట్ల దగ్గర ఇరుక్కున్నాడు, పక్కకి తిప్పి లోపలికి లాక్కున్నారు. తల్లిదండ్రులు గోడలకి ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్నారు.

షాపాయన భార్య గాజు గిన్నె నిండా పంచదార గుడ్లు పెట్టింది. గాలిగుర్రం గుడ్లట. గుర్రం గుడ్లు పెట్టడమేమిటి అని ఎవరూ అడగలేదు. నేనొకటి గోటితో కొట్టి చూశాను, రాయి. దీంతో ఎవరి పన్నో ఊడి చేతికొస్తుందని చెప్పాను. మీకు మంచిదే కదా డాక్టరుగారూ అని నవ్వింది.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. కొత్త పుస్తకాల పెట్టె మూత వెంటనే తియ్యరు. ముందు ఒకే ఒక్క కాపీ బయటికి తీస్తారు. హాల్లోంచి ఒక పాఠకుణ్ణి పిలిచి మొదటి పేజీ పైకి చదివిస్తారు. అది చదివేదాకా పెట్టె తెరవరు, బేరం లేదు. ఈసారి ఒక బొద్దు కుర్రాడు చదివాడు. పై ముందుపళ్ళ మధ్య సందు, ప్రతి స కీ ఒక ఈల. అయినా హాలంతా ఊపిరి బిగబట్టి విన్నది. నేనూ బిగబట్టాను.

తర్వాత సంతకాల క్యూ. నా ముందు ఒక సన్నపాటి పిల్ల, పళ్ళకి క్లిప్పులు. నేను వేసినవి కావు గానీ పని బాగుంది. నోరు విప్పదు, చేతిలో మాత్రం తను బొమ్మలేసిన బుక్‌మార్కుల కట్ట.

నా వంతు వచ్చింది. రచయిత్రి తలెత్తి ఎవరి పేరున సంతకం చెయ్యాలి అని అడిగింది. ఒకసారి తిరిగి చూశాను. వెనకంతా నా పేషెంట్లు. ఈ వీధిలో సగం నోళ్ళలో నా చెయ్యి పడింది. చాక్లెట్ తిన్నావా అని గద్దిస్తే ఏడుపు అందుకునే పిల్లలు వాళ్ళు. వాళ్ళముందు రెక్కల గుర్రం పుస్తకం నాకే అని ఎలా చెప్పను?

మా మనవరాలికి అన్నాను.

పేరేమిటి అంది. అబద్ధానికి పేరు కూడా ఉండాలని నాకేం తెలుసు? గువ్వ, పదమూడేళ్ళు అనేశాను.

గువ్వ నేనే. మా నాన్న నన్ను పిలిచిన పేరు. ఆయన పోయాక ఆ పేరు ఎవరి నోటా వినలేదు. ఇవాళ ఒక కొత్త మనిషి దాన్ని అందంగా రాసి, కింద గీత గీసి, నా చేతిలో పెట్టింది. మెట్లు దిగుతుంటే కాళ్ళు నేల మీద లేవు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన పడీ పడీ నవ్వాడు. మావాడికి ముప్పై మూడేళ్ళు, పెళ్ళి మాటెత్తితే వేరే గదిలోకి పోతాడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు, నువ్వు ఇంకో తరం ముందుకెళ్ళావు అన్నాడు.

ఫిబ్రవరి 12, బుధవారం

రెండో భాగం పూర్తి. ముసలి గుర్రం ఊసే లేదు. రచయిత్రితో నాకు మాటల్లేవు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇంకో లాంచ్. ఈసారి వేరే రచయిత, నీడలకి పాఠాలు చెప్పే బడి కథ. నల్లచొక్కా కుర్రాడు, మైకు దగ్గర వణికిపోయాడు, పాపం. రాత్రుళ్ళు పళ్ళు కొరికే అలవాటుంది అతనికి, అరుగుదల చూస్తే తెలుస్తుంది. చెబుదామనుకుని ఊరుకున్నాను.

క్యూలో బుక్‌మార్క్ పిల్ల మళ్ళీ కనిపించింది. నన్ను గుర్తుపట్టి, బామ్మగారూ, గువ్వ రాలేదా అంది. అంటే ఆ రోజు వింది! జ్వరం అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. కాసేపాగి, ముసలి గుర్రం గురించి గువ్వ ఏమనుకుంటోంది అని అడిగింది.

అక్కడ ఊరుకుని ఉంటే నేను నేనెందుకవుతాను? చచ్చిపోలేదని మా గువ్వ గట్టిగా చెబుతోంది అన్నాను. పిల్ల కళ్ళు వెలిగాయి. కాదట, చచ్చిపోయిందట. రెండో భాగంలో కొండ మీద గాలి ఆగిపోయిందని రాశారట, గుర్రం ఊపిరే ఆ గాలి అట. ఊపిరి ఆగడం కాదు, బిగబట్టడం అని గువ్వ వాదన అన్నాను. అలా క్యూ పొడుగునా వాదించుకున్నాం. గువ్వ తరఫున నేను, తన తరఫున తను. నా వంతు వచ్చిందని వెనకవాళ్ళు నన్ను పొడవాల్సి వచ్చింది.

వెళ్ళేముందు గువ్వకి ఇమ్మని ఒక బుక్‌మార్క్ ఇచ్చింది. స్కూల్లో తనతో ఇవి మాట్లాడేవాళ్ళు లేరంది. క్లాసులో నోరే విప్పదని టీచర్ ఇంటికి కబురు పెట్టిందట. గువ్వకి జ్వరం తగ్గాక తప్పకుండా తీసుకురమ్మంది.

బుక్‌మార్క్ ఎంత బాగుందో. గువ్వకి చాలా నచ్చింది.

జూన్ 22, ఆదివారం

సముద్రం అడుగున దొంగల రాణి కథ లాంచ్. హాలంతా నీలం గుడ్డలు కట్టారు. ఒక తండ్రి చేప తోక వేసుకొచ్చి, కూర్చోవడం కుదరక చివరిదాకా నిలబడే ఉన్నాడు. నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పి.

గువ్వకి జ్వరం తగ్గి ఈత క్లాసు మొదలైంది. మొన్న బుక్‌మార్క్ పిల్ల ఫోన్ చేస్తే కాలు బెణికిందని, వచ్చేవారం పరీక్షలని కూడా ఈ నోటితోనే చెప్పాను. ఒక్క పిల్లకి ఇన్ని కష్టాలా అని నాకే జాలేసింది. ఆ పిల్ల మాత్రం నమ్మింది. ఇవాళ రెండు బుక్‌మార్కులు ఇచ్చింది, ఒకటి కాలు నొప్పికట.

వాన మొదలైతే మావాడు గొడుగు తెచ్చాడు. పిల్ల వాడి దగ్గరికి వెళ్ళి, మీరు గువ్వ వాళ్ళ నాన్నగారా అని అడిగింది. వాడు నావంక చూశాడు. నేను వాడి కాలు తొక్కాను. అవునమ్మా అన్నాడు పళ్ళు బిగించి. గువ్వ మీలాగే పొడుగా అంది. వాళ్ళ బామ్మ పోలిక అన్నాడు. ఆ మాత్రం తెలివి ఉంది, నా కొడుకే.

దారంతా గొడుగు నామీదే పట్టాడు. ఇంటి గేటు దగ్గర మాత్రం, పదమూడేళ్ళ కూతురుంది సరే, కనీసం నా పెళ్ళాం ఎవరో చెప్పమ్మా అన్నాడు.

సెప్టెంబర్ 7, ఆదివారం

కొంప మునిగింది.

గాలిగుర్రాలు మూడో భాగం, ఆఖరిది, నవంబర్‌లో లాంచ్. ఆ కబురు చెప్పడానికే షాపాయన అందరినీ పిలిచాడు. మొదటి పేజీ ఎవరు చదువుతారన్నది కూడా ఇవాళే తేల్చాడు. ముందు బుక్‌మార్క్ పిల్లనే అడిగాడట, ఒక్క లాంచ్ కూడా మానలేదు కదా అని. నేను చదవను, గువ్వకి ఇవ్వండి అందట పిల్ల. అది ఇస్తే గువ్వ ఎలాగైనా వస్తుంది అందట.

షాపాయన మైకులో ప్రకటించాడు. మన డాక్టరుగారి మనవరాలు గువ్వ అని. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల కుర్చీలోంచి లేచి ఎగిరింది. ఎప్పుడూ పెదాలు మూసి నవ్వే పిల్ల, క్లిప్పులన్నీ కనిపించేలా నవ్వింది.

నేనూ చప్పట్లు కొట్టాను. ఏం చెయ్యను?

సెప్టెంబర్ 8, సోమవారం

ఇంట్లో మీటింగ్. మా ఆయన, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నావు అన్నాడు. ఫిబ్రవరి నుంచీ ఆ సామెత వదలడానికే కాచుకుని ఉన్నట్టు చెప్పాడు. మావాడు గువ్వని దూరంగా హాస్టల్లో చేర్పించెయ్యమన్నాడు. చేర్పిస్తే ఆ పిల్ల అడ్రస్ అడుగుతుంది. పోనీ పోయిందని చెప్పేస్తే, అని వాడు అంటూండగానే నేను గరిటె ఎత్తాను. లేని పిల్లే కావచ్చు, అలాంటి మాట అనడానికి నోరెలా వస్తుంది?

సెప్టెంబర్ 15, సోమవారం

మా అసిస్టెంట్ వాళ్ళక్క కూతుర్ని తీసుకొచ్చింది, ఒక్క రోజుకి గువ్వగా ఉంటుందట. పదమూడేళ్ళే. ముసలి గుర్రం బతికుందా చచ్చిపోయిందా అని అడిగాను. ఏ ముసలి గుర్రం అంది. టీ ఇచ్చి పంపేశాను.

పిల్ల బాగానే ఉంది. నాకే తల కొట్టేసినట్టయింది. ఆ బుక్‌మార్క్ పిల్ల కోరుకున్నది పదమూడేళ్ళ మనిషిని కాదు, తనతో వాదించిన మనిషిని. ఆ మనిషిని అద్దెకి తేలేను.

అక్టోబర్ 18, శనివారం

చెప్పేద్దామని ఆ పిల్లని షాపుకి రమ్మని కబురు పెట్టాను. వచ్చింది. నేను నోరు తెరిచేలోపు సంచీలోంచి ఒక కవరు తీసింది. పొడుగాటి బుక్‌మార్క్, నిలువునా రెండు ముక్కలు. ఒక్కో ముక్క మీద సగం గుర్రం, ఒక్కో రెక్క. కలిపితే ఒకటి. ఒకటి గువ్వకి, ఒకటి తనకి. లాంచ్ రోజున కలుపుదాం అని గువ్వకి చెప్పమంది.

చెప్పలేదు. దాదాపు నలభై ఏళ్ళుగా వేలమందికి నొప్పి వస్తుంది, కాస్త ఓర్చుకో అని మొహం మీద చెప్పినదాన్ని. ఈ ఒక్క పిల్లకి చెప్పలేకపోయాను. ఆ పిల్లకి నామీద అసహ్యం పుడితే తట్టుకోలేను. అదీ అసలు సంగతి.

నవంబర్ 16, ఆదివారం. ఉదయం ఏడు

ఇవాళే. పదకొండింటికి. ముందే వెళ్ళి మెట్ల దగ్గర నిలబడి చెప్పేస్తాను. ఖాయం.

అదే రోజు. సాయంత్రం నాలుగు

ఎక్కడ మొదలుపెట్టను! 

తొమ్మిదిన్నరకి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే షాపాయన ఫోన్. పరుగెత్తుకు రమ్మన్నాడు. రచయిత్రి పంచదార గుడ్డు కొరికిందట. పై ముందు పన్ను క్యాప్ ఊడొచ్చిందట. నేను ఫిబ్రవరిలోనే చెప్పాను!

క్లినిక్ తెరిచి, క్యాప్ తెచ్చారా అంటే గిన్నె చేతిలో పెట్టాడు. తెల్లటి పంచదార పెచ్చుల మధ్య తెల్లటి క్యాప్, ఏది ఏదో తెలియదు. మా అసిస్టెంట్ పెచ్చు పెచ్చు నీళ్ళలో వేసింది. అన్నీ కరిగాయి, ఒకటి కరగలేదు. అది పన్ను. ఆ అమ్మాయికి జీతం పెంచాలి.

రచయిత్రిని కుర్చీలో కూర్చోబెట్టాను. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మొహంతో ఉంది. మూడేళ్ళు కష్టపడి రాసిన మూడు పుస్తకాలు, ఈ రోజు తొర్రిపన్నుతో స్టేజీ ఎక్కాలా అంది. అన్నదంతా ఫ, ఫ అని వినిపించింది. జనవరిలో మత్తు ఇవ్వకుండా చూస్తానన్న మనిషి ఈవిడే. పాపం అనిపించింది. ఎంతైనా ముసలి గుర్రాన్ని పుట్టించింది ఈవిడే కదా.

చిన్నవి పెద్దవిగా కనిపించే నా పని కళ్ళద్దాలు తలకి తగిలించుకుని, లోపల శుభ్రం చేసి, సిమెంటు పెట్టి క్యాప్ ఎక్కించాను. దూది ఉండ పెట్టి గట్టిగా కొరికి పట్టుకోమన్నాను. సిమెంటు గట్టిపడేదాకా పెదవి కదపకూడదు, ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.

ఆవిడ నా వంక చూస్తోంది. నాకు ఏమైందో ఏమో, మొత్తం చెప్పేశాను. గువ్వ లేదని, ఆ సంతకాలన్నీ నాకేనని. జ్వరం, ఈత క్లాసు, బెణికిన కాలు, పెళ్ళికాని కొడుకు. బుక్‌మార్క్ పిల్ల తనకిచ్చిన పేజీ గువ్వకి ఇచ్చేసిందని. ఆవిడ కనుబొమలు ఒకచోట పైకి లేచాయి, ఇంకోచోట ముడిపడ్డాయి. కొడుకు దగ్గరికి వచ్చేసరికి భుజాలు అదిరాయి. నవ్వకండి, క్యాప్ వంకర పోతుంది అని అరిచాను. మా అసిస్టెంట్ గోడవైపు తిరిగి నవ్వుతోంది.

దూది తీశాక ఆవిడ నాలుకతో పన్ను తడిమి చూసుకుంది. అద్దంలో చూసుకుంది. అప్పుడు మాట్లాడింది. లేని పిల్లల గురించి అబద్ధాలు చెప్పి బతికేదాన్ని నేను, నాకెందుకు చెప్తున్నారు అంది. వినాల్సిన పిల్ల ఎదురుగా షాపులో ఉంది కదా అంది. ఆఖరికి కుర్చీ దిగుతూ, మీ మనవరాలు మంచి చదువరి అంది.

పరుగెత్తాను. ఈ మోకాళ్ళతో రోడ్డు దాటి పరుగెత్తాను.

పిల్ల మెట్ల మీదే ఉంది, తన సగం గుర్రం చేత్తో పట్టుకుని. నీలం రెక్కలు కట్టుకుంది. నా వెనక చూసింది. ఎవరూ లేరు.

పక్కన మెట్టు మీద కూలబడి చెప్పాను. గువ్వ లేదు తల్లీ, గువ్వ నేనే, మా నాన్న పెట్టిన పేరు. సిగ్గుపడి ఒక అబద్ధమాడాను, తర్వాత దాన్ని అతికించడానికే సరిపోయింది అన్నాను. క్షమించమన్నాను. పిల్ల చాలాసేపు బుక్‌మార్క్ అంచు వేలితో రుద్దుతూ కూర్చుంది. తర్వాత ఒక్కటొక్కటిగా అడిగింది. గుర్రం ఊపిరి బిగబట్టింది అన్నదెవరు? నేనే. నీడల బడిలో హెడ్మాస్టరే దొంగ అని ముందే చెప్పిందెవరు? నేనే. బుక్‌మార్కులు ఏం చేశారు? నా పుస్తకాల్లో పెట్టుకున్నాను, అన్నీ ఉన్నాయి. జ్వరం? అబద్ధం. కాలు? అబద్ధం.

లేచి పైకి వెళ్ళిపోయింది. రెక్కలు మెట్ల గోడకి రాసుకున్న చప్పుడు విన్నాను. అంత నొప్పి నేనెవరికీ పెట్టి ఉండను, ఇన్నేళ్ళ ప్రాక్టీసులో.

వెళ్ళిపోదామనుకున్నాను. కానీ కాసేపట్లో గువ్వని పిలుస్తారు, ఎవరూ రారు, ఆ పిల్ల ముందే అది జరగకూడదు. చెడగొట్టినదాన్ని నేను, నేనే లేచి చెప్పాలి. పైకెళ్ళి ఆఖరి వరసలో నిలబడ్డాను. హాలు కిక్కిరిసి ఉంది. మా ఆయనా, మావాడూ గోడ పక్కన కనిపించారు, ఎందుకొచ్చారో. తన్నులు తింటే మోసుకెళ్ళడానికట, తర్వాత చెప్పారు.

షాపాయన పెట్టె ముందు నిలబడి ఒక్క కాపీ తీశాడు. మైకులో గువ్వని పిలిచాడు. అందరి తలలూ తిరిగాయి. మళ్ళీ పిలిచాడు. నేను చెయ్యెత్తి నోరు తెరిచాను. పళ్ళ డాక్టర్ని, తెరిచిన నోటితో అలాగే నిలబడ్డాను.

మొదటి వరసలో కుర్చీ కిర్రుమంది. బుక్‌మార్క్ పిల్ల లేచింది. క్లాసులో పేరు పిలిస్తే పలకని పిల్ల, అంతమంది మధ్య కుర్చీ ఎక్కి నిలబడి చెప్పింది. గువ్వ వచ్చింది అంది. అదిగో వెనకాల అంది. కాస్త ఎదిగింది, అంతే అంది.

హాలంతా నవ్వు. ఎగతాళి కాదు, ఎదురొచ్చి చెయ్యి పట్టుకునే నవ్వు. నేను గద్దించిన పిల్లలే దారి ఇచ్చారు. షాపాయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు, కింది సెట్టు కాస్త జారింది కూడా, వచ్చేవారం సరిచెయ్యాలి.

స్టేజీ ఎక్కాక చూసుకుంటే చదివే కళ్ళజోడు క్లినిక్‌లో ఉండిపోయింది. తల మీద మాత్రం పని కళ్ళద్దాలు అలాగే ఉన్నాయి, రెండు గొట్టాలతో. అవే కిందికి దించాను. పిల్లలందరూ వేషం అనుకుని చప్పట్లు కొట్టారు. అక్షరాలు ఒక్కొక్కటీ దంతమంత పెద్దగా కనిపించాయి.

మొదటి వాక్యం, ముసలి గుర్రానికి ఇంకా ఒక రెక్క మిగిలే ఉంది.

చదివి తలెత్తి పిల్లని చూశాను. నేను గెలిచాను! పిల్ల నుదురు కొట్టుకుంది. రెండో వాక్యం కనపడలేదు. అద్దాల లోపల నీళ్ళు, తుడుచుకోవడానికి లేదు. పిల్ల కుర్చీ దిగి వచ్చింది, రెక్కలు సర్దుకుని నా పక్కన నిలబడి, రెండో వాక్యం నుంచి తనే చదివింది. మొదట్లో మైకుకి కూడా అందలేదు గొంతు. పేజీ చివరికి వచ్చేసరికి మైకు అక్కర్లేకపోయింది.

పెట్టె తెరిచారు.

సంతకాల బల్ల దగ్గర రచయిత్రి ఏమీ తెలియనట్టు, ఎవరి పేరున అని అడిగింది. గువ్వకి అన్నాను. నాకే అన్నాను, వెనక క్యూకి వినిపించేలా. పెదాలు తెరిచి నవ్వింది. క్యాప్ నిక్షేపంగా ఉంది.

బయట పిల్ల తన సగం గుర్రం తీసింది. నా సగం నేను తీశాను. కలపలేదు తను. జ్వరం విషయంలో ఇంకా చాలా కోపంగా ఉందట. నిజంగా బెంగపెట్టుకుందట. బుధవారం దాకా కోపంగా ఉంటానంది. ఆ తర్వాత మాట్లాడుకుందామంది, అప్పటికి పుస్తకం అయిపోగొట్టి ఉండమంది.

నవంబర్ 19, బుధవారం

నాలుగింటికి వచ్చింది. గుర్రం కలిసింది.

జనవరి 10, శనివారం

రేపు కొత్త సిరీస్ లాంచ్, పక్షుల రాజ్యం. నా రెక్కలు ముడతలు పడ్డాయని ఇస్త్రీ చేశాను. ఎడమది కరిగిపోయింది. బుక్‌మార్క్ పిల్లకి ఫోన్ చేస్తే, గువ్వా, ఏడవకు, ఒకటి చాలు అంది.